రిజిస్టరుల తొమ్మిదో అంశం

సిరొంచ బస్టాండు ఎనక నాదొక టైపు మిషను.
కొట్టేదంత మరాఠీ.
తెలుగుల అర్జీ రాయమని ఎవ్వరూ రారు,
ఇంట్ల మాట్లాడేది అదే అయినా.
మాడియా మాట మా అమ్మ అంగడిల అబ్బింది,
ఉప్పు తూచుకుంట, తునికాకు కట్టలు లెక్కబెట్టుకుంట.
అందుకే నన్ను ఢిల్లీకి తోల్కపోయిన్రు,
దుబాసీగ.

నా తప్పు ముందుగాల్నే చెప్త.

ఆరేండ్ల కింద, గనోళ్లు జీపులేసుకొని వచ్చిన నాడు
పుంగాటి డుంగా ఒక్కటే మాటన్నడు:
"విన్నం."
నేను "ఒప్పుకున్నం" అని రాసిన.
పొద్దువోయింది. సాహెబు గడియారం దిక్కు చూస్తున్నడు.
ఒక్క మాటే గద అనుకున్న.
ఆ ఒక్క మాట మీదికెల్లి
వెదురంత ఎర్రగీత లోపలికి పోయింది.

ముర్రివాడ సభ నన్ను కొట్టలే, తిట్టలే.
మూడు రాత్రులు నడుమ కూసోబెట్టింది.
చంటిపిల్లల తల్లులు సుత లేచి చెప్పిన్రు.
ఇప్పపువ్వు ఏరబోయినోళ్లు మలిగి వచ్చేదాక
తీర్పు ఆపిన్రు.
ఆఖరికి దండుగ:
ఒక కోడి.
ఇంకా, సభ రిజిస్టరు బతికినన్నాళ్లు
నేనే రాయాలె.

ఆలపల్లి తొవ్వ గుంతలల్ల నడుములు ఇరగ్గొట్టుకొని
బల్లార్షల రైలెక్కినం.
మట్టామి జైనీ సంచిల రిజిస్టరు, దాని మీద ఎండుచేపలు.
ఢిల్లీ గేటు కాడ చేపలు ఆపిన్రు.
రిజిస్టరు వాసన చూసి పంపిన్రు.

గుండ్రటి బల్ల. మాకు ఏడు నిమిషాలు.
"మీ నాయకుడెవరు?"
డుంగా అన్నడు: "సభ."
"సభ తరఫున మాట్లాడేదెవరు?"
"నోరు నాది. మాట సభది."
రెండు నిమిషాలు దీనికే పోయినయ్.

"అడవి మీద హక్కు మీకు ఇస్తనే ఉన్నం గద,
ఇంకేం గావాలె?"
జైనీ నా చెవుల మెల్లగ:
"ఇస్తున్నమంటున్నరు.
ఎన్నడు తీసుకున్నరో అడుగు."
అడిగిన.
ఎవరో నీళ్ల గిలాస కొంచెం పక్కకు జరిపిన్రు.

కొత్త ముసాయిదల పాత మాట ఒకటి మారింది.
"ఊరి సమ్మతితో" అని ఉన్న కాడ
"ఊరిని సంప్రదించి."
చదువంగనే నాకు చెమట పట్టింది.
నేను చేసిన తప్పే,
ఈసారి మంచి కాయితం మీద, మంచి అక్షరాలల్ల.
ఇద్దరికీ ఇడమర్చి చెప్పిన.
డుంగా చాలసేపు బల్లనే చూసిండు,
ఏ చెట్టుదో పోల్చుకుంటున్నట్టు.

ఆరో నిమిషం.
"ఇప్పుడే చెప్పండి. ఒప్పుకుంటరా, లేదా?"
డుంగా అన్నడు:
"విన్నం."

అందరి కండ్లు నా మీద.
జైనీ మాత్రం చూడలే.
సంచి మూతి ముడేసుకుంట ఉన్నది.

"విన్నం అంటున్నడు సార్."
"అంటే ఒప్పుకున్నట్టేనా?"
"కాదు సార్.
విన్నట్టు."

గంట కొట్టిన్రు.

ఎనిమిదో అంశం: బోరింగు పైపు పగిలింది, చందా ఇంటికి ఇరవై.
పదో అంశం: పాండో మేక ఎవరి చేన్ల పడ్డది.
నడుమ తొమ్మిదోది, ఢిల్లీ.
మొత్తం చదివి వినిపించిన.
వాళ్లదీ సభనే, మనదీ సభనే అని
ఎవరో పడుచు పిలగాడు నవ్విండు.

రాజే ముసల్ది మూల నుంచి అడిగింది:
"వాళ్ల సభల అందరూ లేచి మాట్లాడిన్రా?"
లేదవ్వా, సగం కుర్చీలు ఖాళీగనే ఉండె.
"మరి ఆగకపోతిరి,"
అన్నది ముసల్ది,
"పువ్వు ఏరబోయిన్రేమో."

అది సుత రాసిన.